నేను కూర్చోని కుర్చీ

సభకు అధ్యక్షత వహిస్తున్న మన కరెస్పాండెంట్ అబ్రహాము గారికి, వేదిక మీదున్న పెద్దలకి, ముప్పై నాలుగేళ్ళుగా నా కేకలు భరించిన తోటి ఉపాధ్యాయులకి, ఇక్కడ వడ్రంగం నేర్చుకుని వెళ్ళి, ఇవాళ పనులు మానుకుని పెద్దాపురం దాకా వచ్చిన నా శిష్యులకి, ముందు వరుసలో కూర్చుని నేనేం మాట్లాడేస్తానో అని నాకంటే ఎక్కువ కంగారు పడుతున్న మా ఆవిడ కృపారాణికి నమస్కారాలు. (నవ్వులు)

ఇందాకటి నుంచి అబ్రహాము గారు "కూర్చోండి రాజరత్నం గారూ, కూర్చోండి" అంటూనే ఉన్నారు, నేను నిలబడే ఉన్నాను. మోకాళ్ళ నొప్పులేమో అనుకుంటున్నారేమో, కాదండి. శాలువా కప్పేటప్పుడు నేను కూర్చోవాలని మీరు ప్రేమగా తెచ్చి వేసిన ఈ కుర్చీలో కూర్చునే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పి వెళ్ళిపోతాను. పొగడ్తలు మీరు చాలానే చెప్పారు. అందులో సగం నిజమైనా మా ఇంట్లో నాకు ఇంకొంచెం మర్యాద దక్కేది. (నవ్వులు)

ఈ కుర్చీ సంగతి పాతవాళ్ళకి తెలుసు. తెలుసని వాళ్ళనుకుంటున్నారు. ఏడేళ్ళ క్రితం ఇంగ్లండు నుంచి జూడిత్ గారని ఒకావిడ మన శిక్షణాలయానికి వచ్చారు. అరవై దాటిన మనిషి, సొంత చేతుల్తో కుర్చీలు చేసి అక్కడి పనివాళ్ళలో పెద్ద పేరు తెచ్చుకున్నావిడ. ఆ ఏడాది వాళ్ళ దేశంలో తనకి బహుమతి తెచ్చిపెట్టిన ఈ కుర్చీనే పెట్టెలో భద్రంగా సర్దించి, ఓడ మీద మనకి పంపించి, వెనకాలే తనూ వచ్చారు. పిల్లలు చూస్తే సరిపోదట, ముట్టుకుని నేర్చుకోవాలట.

పెట్టె విప్పిన రోజు నాకు నీరసం వచ్చింది. టేకు కాదు, రోజ్‌వుడ్ కాదు, ఏదో పాలిపోయిన కర్ర. నగిషీ లేదు. పాలిష్ కూడా లేదు, సబ్బునీళ్ళతో రుద్ది వదిలేశారట. సీటు నిండా ఉలి తవ్విన చారలు అలాగే ఉన్నాయి, చెయ్యి వేస్తే ఎగుడుదిగుడుగా తగులుతున్నాయి. బహుమతి ఇచ్చినవాళ్ళు కళ్ళజోళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చారేమో అనుకున్నాను. (నవ్వులు) నవ్వండి. అప్పుడు నేనూ నవ్వాను.

ఆ రోజుల్లో మన వర్క్‌షాపులో సత్తిరాజు పనిచేసేవాడు. మండపేట పక్క పల్లెటూరు, మాటలు తక్కువ, చెయ్యి మంచిది. జూడిత్ గారు ఆ చారలు చూపించి ఏదో చెబుతుంటే మేమంతా మర్యాదగా తలలూపాం. అతనొక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని సీటంతా తడిమాడు. ఆ సాయంత్రమే ఆవిడ అబ్రహాము గారితో, "ఈ మనిషిని ఆరు నెలలు నా దగ్గరికి పంపండి, నాకు తెలిసిందంతా నేర్పుతాను" అన్నారు.

తర్వాత ఆవిడ నాలుగు రోజులు కోనసీమ చూడ్డానికి వెళ్ళారు. తిరిగొచ్చాక ఇదే హాల్లో వీడ్కోలు సభ. అంతమంది ముందు ఆ మొరటు కుర్చీ పెడితే మన పరువేం కావాలి అనిపించింది నాకు. సత్తిరాజుని పిలిచి, సీటు నున్నగా గీకి, ఉప్పుకాగితం కొట్టి, అన్నివైపులా పాలిష్ వెయ్యమన్నాను.

"మాస్టారూ, అది కావాలని వదిలిందండి" అన్నాడు.

"నాకు చెబుతావేంటి?"

"ఆ గీతల్లో ఆవిడ చెయ్యి తెలుస్తోందండి. తీసేస్తే మళ్ళీ రాదండి."

"పాతికేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి నేను. చెప్పింది చెయ్యి."

చేశాడు.

సభలో జూడిత్ గారు కుర్చీ దగ్గరికొచ్చి సీటు మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. "బాగా మెరుస్తోంది" అన్నారు, నవ్వడానికి ప్రయత్నిస్తూ. అబ్రహాము గారు కంగారుపడి, "ఎవరు చేశారండీ ఇది?" అని నా వైపు చూశారు. అప్పుడు నేనన్న మాట పొల్లుపోకుండా గుర్తుంది. "మా సత్తిరాజు కొంచెం తొందరపడ్డాడండి" అన్నాను.

అదిగో, ఆ స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు అప్పుడు. నన్ను ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నోరు విప్పితే నా పని అయిపోయేది. విప్పలేదు.

అబ్రహాము గారూ, మీరు ఇబ్బంది పడకండి, మీకు తెలియదు. ఆవిడా ఇంక ఆ ఆరు నెలల మాట ఎత్తలేదు. అతిథి వస్తువు విలువ తెలియనివాణ్ణి అంతదూరం ఎలా పంపుతామని కమిటీ అనుకుంది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను, కిక్కురుమనకుండా సంతకం పెట్టాను. నెల తిరక్కుండా సత్తిరాజు పని మానేశాడు. ఇవాళ మండపేటలో ఒక షాపులో రెడీమేడ్ బీరువాలు బిగిస్తున్నాడు. ఆ చేతులతో చెక్కపొట్టు అట్టలకి స్క్రూలు తిప్పుతున్నాడండి. ప్రతి ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన నేనే చదివిస్తాను, ఈ ఒక్కటీ నా గొంతు దాటలేదు. కృపా, నీకూ చెప్పలేదు.

పోయిన నెల, ఛార్జ్ అప్పగించాలి కదాని సామాను మీద నంబర్లు వేయిస్తూ ఈ కుర్చీని తిరగేశాను. ఇదిగో, మీరూ చూడండి. (కుర్చీని తిరగేసి చూపిస్తూ) సీటు అడుగున ఆవిడ ఉలి గీతల్లో ఒక్కటీ చెరగలేదు. పాలిష్ చుక్క పడలేదు. అన్నివైపులా అని కదండీ నేను చెప్పింది! కనపడేచోట నా మాట విన్నాడు, కనపడనిచోట ఆవిడ పనిని కాపాడాడు. ఏడేళ్ళు దీన్ని తుడిపిస్తూనే ఉన్నాను, ఒక్కసారి తిప్పి చూడలేదు.

ఆ రాత్రే జూడిత్ గారికి ఉన్నదున్నట్టు రాశాను. నాలుగు ముక్కల్లో జవాబొచ్చింది. చేతులు వణుకుతుంటే రెండేళ్ళ క్రితమే వర్క్‌షాపు మూసేశారట. నేర్పాలని ఉన్నా ఇప్పుడు చేతకావడం లేదట. ఆ రోజు అతన్నే పిలిచి అడగకపోవడం తన పొరపాటని, అందుకు అతనికి క్షమాపణ చెప్పమని రాశారు. ఏ పాపమూ ఎరగని ఆవిడ ముందే చెప్పేశారు. నేనింకా చెప్పలేదు.

సత్తిరాజు వచ్చాడండి. తలుపు దగ్గర, ఆఖరి వరుసలో ఉన్నాడు. లేవకయ్యా, కూర్చో. నిన్ను స్టేజీ ఎక్కించి, ఈ శాలువా నీకు కప్పేసి నా బరువు దించుకోనులే. ఏ హాల్లో నీ మీద నింద వేశానో ఆ హాల్లోనే చెబుతున్నాను. కుర్చీ పాడుచేసింది నేను. నువ్వు వద్దన్నావు. నీకు రావాల్సిన ఆరు నెలలు నేను పోగొట్టాను, వాటిని ఇప్పుడు తెచ్చి ఇవ్వగలిగినవాళ్ళు ఎవరూ లేరు. నన్ను క్షమించు.



ఇన్నేళ్ళు అన్నం పెట్టిన ఈ సంస్థకి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. శాలువా నిలబడే కప్పించుకుంటాను. అబ్రహాము గారి దగ్గర, మీ అందరి దగ్గర సెలవు తీసుకుంటున్నాను. సత్తిరాజూ, నీ దగ్గర మాత్రం నాకై నేను తీసుకోలేను, నువ్వు ఇవ్వాలి. ఇవ్వకపోయినా నీ తప్పు లేదు.

సెలవు.