వెనక లైట్లు వెలిగాయా

అక్కచెల్లెళ్ళిద్దరే ఉండే ఇల్లు. చెల్లెలు నర్సు, నాలుగు గంటల దూరంలో ఉన్న ఆస్పత్రికి బదిలీ అయింది. మంచం మీద ఆమె సంచి తెరిచి ఉంది. అక్క సర్దుతోంది.

"మోకాలి పట్టీ పక్క జేబులో పెట్టాను. అక్కడికెళ్ళాక సంచంతా తిరగేసేవు."

"అది బయటే ఉంచక్కా. దార్లో కావాలి."

"దార్లో ఎందుకే? కార్లో క్రూజు ఉందిగా. బటన్ నొక్కి కాలు తీసేస్తే కారే పోతుందన్నావు."

"పోయేది. వారం నుంచి పట్టడం లేదు. నొక్కితే గుర్తు ఒక్కసారి మినుకుమని ఆరిపోతుంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఇదిగో, ఇందుకే. ముఖం చూడు ఎలా పెట్టావో. పోతూ పోతూ షెడ్డు దగ్గర ఆపుతాలే. మెకానిక్ క్రూజు సెట్టు మొత్తం మార్చాలన్నాడు, నా నెల జీతమంత అవుతుందట."

"విప్పి చూశాడా?"

"లేదు. ఫోన్లో విన్నాడు."

"విన్నాడా. నాడి కూడా చూడకుండా డాక్టరు ఆపరేషన్ అంటే నువ్వు ఊరుకుంటావా?"

"జీతం పోతే పోయింది. నాలుగు గంటలు ఈ మోకాలితో తొక్కలేనక్కా. రేపు పొద్దున్నే డ్యూటీలో చేరాలి."

"ఆ పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకంలో?"

"కారుతో వచ్చిందే. నువ్వు కవరు కూడా విప్పలేదు. మొన్న ఎండాకాలం చదవడానికి ఏమీ దొరక్క, నిఘంటువు పక్కన పెట్టుకుని మొదట్నుంచీ చివరిదాకా చదివాను."

"కారు పుస్తకం. మొదట్నుంచీ చివరిదాకా."

"నవ్వు, నవ్వు. క్రూజు పట్టకపోతే ముందు బ్రేకు లైట్లు చూసుకోమని రాశాడు."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"బ్రేకు తొక్కగానే క్రూజు వదిలెయ్యాలి కదా. తొక్కావని దానికి చెప్పేదీ, వెనక లైటు వెలిగించేదీ ఒకటే స్విచ్చట. అది చెడితే కారుకి నమ్మకం పోతుంది, ఇక క్రూజు పట్టదు."

"అబ్బో. ఏం చెప్పావే పండితురాలా."

"అలా పిలవకు."

"నాన్న పిలిచేవాడటగా?"

"అందుకే పిలవకు. తాళం తీసుకుని వాకిట్లోకి పద."

చెల్లెలు స్టీరింగు ముందు కూర్చుంది. అక్క కారు వెనక నిలబడింది.

"తొక్కు."

"తొక్కాను. వెలిగాయా?... అక్కా, వెలిగాయా?"

"ఉండు. చూస్తున్నాను."

"చూడ్డానికి ఇంతసేపా? వెలిగితే వెలిగాయను, లేకపోతే లేదను."

"వదిలి మళ్ళీ తొక్కు. గట్టిగా తొక్కవే."

"ఇంకా గట్టిగా తొక్కితే పాదం రోడ్డు మీదికొస్తుంది."

"వెలగలేదు. ఎడమదీ లేదు, కుడిదీ లేదు, పైన అద్దంలోదీ లేదు."

"ఎండకి కనపడలేదేమో."

"కొంగు అడ్డం పెట్టి చూశాను. ఒక్కటీ వెలగలేదు. దిగు."

"ఉండు, మెకానిక్‌కి ఫోన్ చేస్తాను... ఆ, నేనేనండీ. బ్రేకు లైట్లు వెలగడం లేదు... అవునా... అంతేనా?... మరి సెట్టన్నారు?... సరే, రండి. అక్కా, నీ మాటే అంటున్నాడు. పెడల్ దగ్గర వేలెడంత స్విచ్చట. ఇక్కడికే వచ్చి మారుస్తాడట. సెట్టూ గిట్టూ ఏమీ వద్దట."

"వారం రోజులు వెనక లైట్లు లేకుండా తిరిగావా."

"ముందు కూర్చునేదాన్ని, వెనకేం వెలుగుతోందో నాకెలా తెలుస్తుంది? పోనీలే, జీతం మిగిలింది, నేనూ మిగిలాను. సంచి ఇలా తే, ఎక్కిద్దాం."

"వద్దు. వాడొచ్చి మార్చాలి. నేను మళ్ళీ వెనక నిలబడాలి. అప్పుడు ఎక్కిద్దాం."

"సరే... అక్కా, ఏడుస్తున్నావా? దొరికిందిగా, ఇంకేంటి?"

"నాన్న కూడా నన్నే చూడమన్నాడే."

"ఏం చూడమన్నాడు?"

"వెనక లైట్లు. బయల్దేరేముందు ఇలాగే లోపల కూర్చుని, తొక్కి, పండితురాలా వెలిగాయా అని అడిగాడు."

"తెలుసు. అమ్మ వందసార్లు చెప్పింది. నువ్వు వెలిగాయన్నావు, కోర్టులోనూ చెప్పావు. ఆ లారీవాడే చూసుకోకుండా వెనక నుంచి గుద్ది నాన్నని చంపాడు. నాకప్పుడు రెండేళ్ళు, నీకు పద్నాలుగు."

"నేను అరుగు మీద కూర్చున్నాను. ఒళ్ళో పుస్తకం. నాన్న తెచ్చిందే. ఇంకొక్క పేజీ మిగిలింది."

"అయితే?"

"తలెత్తలేదు. వెలిగాయి నాన్నా అన్నాను."

"చూడకుండానా?"

"చూడకుండానే."

"అక్కా... చిన్నపిల్లవి. నిజంగానే వెలిగాయేమో."

"ఏమో. అదే నాకు తెలీదు. ఆ డ్రైవరు మాత్రం కోర్టులో మొత్తుకున్నాడు, ముందు కారుకి లైటు వెలగలేదయ్యా అని. ఆ పాపని అడగండి, పాప అబద్ధమాడదు అన్నాడు. అడిగారు."

"చాలు. లోపలికి పద."

"అమ్మ నావైపే చూస్తోంది. వెలిగాయి, కళ్ళారా చూశాను అన్నాను. వాడికి రెండేళ్ళు జైలు వేశారు."

"అమ్మకి ఎప్పుడైనా చెప్పావా?"

"లేదు. అమ్మకి చదవడం వచ్చేది కాదు కదా. పేపర్లో ఓ మూల నాలుగు లైన్లు వస్తే నేనే చదివి, మడిచి పొయ్యిలో పెట్టాను."

"ఏం వచ్చింది?"

"ఆ డ్రైవరు మరుసటి ఏడు ఆగస్టు పదకొండున జైల్లో జ్వరమొచ్చి పోయాడు. ఇంటికి రాలేదు."