వాడేవారు: సున్నా

అది కాదు వదినా, సున్నా అంటే సున్నాయే అంటారు వాళ్ళు. నేనేం చెయ్యను? చేట నా చేతిలో పెట్టి, తాలూ గింజా నువ్వే వేరు చెయ్యమన్నారు.

మా సంస్థ సంగతి నీకు తెలియందా? వేలకొద్దీ ప్రోగ్రాములు ఒక్కచోట కట్టగట్టి, ఎవరికి కావాలంటే వాళ్ళకి ఊరికే ఇస్తాం. జీతం భత్యం లేని కొలువు. ఎవరూ వాడనివి కూడా మోస్తూ కూర్చోలేం కదా, అందుకని ఏడాదికోసారి ఏరివేత. ఈసారి వంతు నాది. జాబితాలో నలభయ్యోది చూద్దును కదా, అన్నయ్య రాసింది. నీ కోసం రాసింది!

నీ గొంతు పోయాక, ఆ ఒక్క వేలు తప్ప ఒళ్ళంతా మొరాయించాక రాశాడు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే నడుస్తుంటాయి, నువ్వు మీట నొక్కుతావు, మిషను నీ బదులు మాట్లాడుతుంది. అదొక్కటేగా నీకున్న నోరు? వాడేవారు సున్నా అట!

ఎందుకుండదూ సున్నా! ఒప్పుకున్నవాళ్ళ మిషన్లనే లెక్కేస్తారు. ఇక్కడ ఏమేం వాడుతున్నారో వారంవారం మా సంస్థవాళ్ళకి చెప్పొచ్చా అని ఆ మిషను అడిగిన రోజు నువ్వేమన్నావు? "నా ఇంటి గుట్టు వాళ్ళకెందుకు" అన్నావు. ఆ ఒక్క మాటకి పావుగంట పట్టింది నీకు. ఆ కళ్ళతో నవ్వకు. నేనూ నవ్వాను ఆవేళ.

పోనీ, ఒక్కరున్నారు, మా వదిన అని చెప్పొచ్చుగా అంటావు. చెబితే, అయితే దాన్ని నువ్వే చూసుకో అంటారు. మరి పదకొండేళ్ళుగా చూసుకుంటున్నదెవరు? అన్నయ్య పోయినప్పటి నుంచీ ఇదే వరస. దీనికి కింద ఆధారంగా ఉన్న ప్రోగ్రాముల్లో ఏది మారినా పైన ఇది కూలడం, నేను పరుగెత్తుకొచ్చి నిలబెట్టడం. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. సగమేం ఖర్మ, ఆ మొగుడు వదిలేసిన చాకిరీ మొత్తం నాకే వచ్చింది.

వేరే ఊళ్ళో రెండు మంచి ఉద్యోగాలొచ్చాయి. నీకు చెప్పలేదు. చెబితే వెళ్ళమంటావని భయం. వెళ్ళమనకపోతే ఇంకా భయం.

అలా చూడకు వదినా. చెప్పేస్తున్నా. పొద్దున దాన్ని మా కట్టలోంచి తీసేశాను. ఎందుకు తీస్తున్నామో రాయాలి అక్కడ. "వాడేవాళ్ళు ఎవరూ లేరు" అని రాశాను. నీ వేలు కళ్ళముందు ఆడుతూనే ఉంది, అయినా రాశాను. ఇప్పుడు నీ మిషన్లో ఉన్నది ఇంకొన్నాళ్ళు పలుకుతుంది. ఈసారి కింద ఏదైనా మారిందంటే ఇక పలకదు.

రూలు కోసం కాదు. వాళ్ళ కోసమూ కాదు. ఈ ఇంటికి రాకుండా ఉండటానికి నాకో కారణం కావాల్సొచ్చింది, అంతే.

సంతకం పెట్టేసి, హమ్మయ్య, బయటపడ్డాను అనుకుంటూ వీధిలోకొచ్చా. ఎటు వెళ్ళాలో తెలీలేదు. తీరా చూస్తే నీ గుమ్మంలో ఉన్నా.