వెనక బ్రేకు సంగతి

అలా కాదు బాబాయ్, బండి వదిలేసి సాయంత్రం రమ్మంటే నేను రాను. ఇదిగో, ఈ పాత టైరు మీద కూచుంటాను. మీరు విప్పే ప్రతి నట్టూ నా కళ్ల ముందే విప్పండి. తప్పుగా అనుకోకండి. మీరని కాదు, ఎవరి దగ్గరైనా నాది ఇదే మాట.

మీది నాలుగో షాపు తెలుసా? మొదటివాడు కిక్కయినా కొట్టకుండానే "ఇంజన్ మొత్తం పోయిందమ్మా" అన్నాడు. వినకుండా, ముట్టకుండా నీకెలా తెలిసిందయ్యా అంటే పళ్లికిలించాడు. రెండోవాడు కొత్త చెయిన్ వేశానన్నాడు. నేను కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించేదాన్ని బాబాయ్, పదిహేనేళ్లుగా. అర మిల్లీమీటరు తేడా వచ్చినా నా కంటికి దొరికిపోతుంది. పాత చెయిన్‌కే నూనె రాసి మెరిపించాడు, మహానుభావుడు! మూడోవాడేమో "మీవారిని పంపండమ్మా, ఆడవాళ్లతో ఇవన్నీ ఏం మాట్లాడతాం" అన్నాడు.

మావారిని ఎలా పంపను? కుడికాలు మోకాలి కింద నుంచి లేదాయనకి.

అవును. ఈ బండి మీద వెళ్తూనే పడ్డారు. నాలుగు నెలలైంది.

అయ్యో, మీరు పని ఆపకండి. కానివ్వండి.

ఇన్నాళ్లూ మెట్ల కింద పడుంది ఇది. గుడ్డ కప్పేశాను, కంటికి కనబడకుండా. ఇప్పుడు మా మరిదికి ఉద్యోగమొచ్చింది, బస్సు పోని చోట. "వదినా, అన్నయ్య బండి బాగుచేయించు, నేను తోలుకుంటా" అని ఒకటే గొడవ. వద్దంటే వింటాడా? అందుకే ఇంజను, ఫోర్కు, బ్రేకులు, మొత్తం విప్పి చూడమంటున్నాను. పైపైన తుడిచిచ్చే సర్వీసింగ్ కాదు.

ఇంతకు ముందు ఎవరు చేశారనా? అడుగుతారనే అనుకున్నా.

మావారి స్నేహితుడే. నిక్కర్లేసుకున్ననాటి నుంచీ ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టుండేవాళ్లు. ఆరడుగుల పైన మనిషి, మావారు "ఒరే నిచ్చెనా" అని పిలిచేవారు. నాకు అన్నయ్యే. వేరే ఎవర్నీ ఈ బండి మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు మావారు. అలాంటివాడు ఫుల్ సర్వీసింగ్ అని చెప్పి, వెనక బ్రేకుకి అరిగిపోయిన షూలే పెట్టి పంపాడు. కొండ దారి దిగుతుంటే వెనక బ్రేకు పట్టలేదు. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే కంకర మీద జారి, బండితో సహా కల్వర్టులోకి...

ఊరంతా తెలుసు ఈ కథ. నేనే చెప్పాను. షాపులో కళ్లజోడుకి వచ్చినవాళ్లకి కూడా చెప్పాను. ఆ తర్వాత అతని షెడ్డు వైపు ఒక్క బండీ వెళ్లలేదు. రెండో నెలకల్లా తాళం పడింది.

ఏంటి, చేతులు ఆపేశారు? ఇంజన్ లోపల ఏమైనా విరిగిందా?

ఏమన్నారు?

బాగుందా! ఏం బాగుంది?

ఊఁ... అదేదో కొత్త రింగులూ, కొత్త క్లచ్ ప్లేట్లూ సరే. అయితే ఏంటి? ప్రతి బోల్టూ సరిగ్గా బిగించాడు, లోపల ఎక్కడా స్పానరు గీత కూడా పడలేదు అంటారు. అది మీ మెచ్చుకోలు. నాకెందుకు చెప్తున్నారు?

ఇంత శ్రద్ధగా చేసినవాడు బ్రేకు షూల సంగతి చెప్పకుండా బండి ఇవ్వడంటారా?

మీరెలా చెప్పగలరు బాబాయ్? మీరక్కడ ఉన్నారా?

కొంచెం నీళ్లుంటే ఇస్తారా?

చెప్పాడు.

చెప్పాడు బాబాయ్. నాతో చెప్పాడు. ఆయన పడిన ముందు రోజు, గురువారం, బండి తేవడానికి నేనే వెళ్లాను. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "చెల్లెమ్మా, అన్నీ అయ్యాయి గానీ వెనక షూలు మాత్రం మార్చలేదు. ఊళ్లో దొరికేవి నకిలీవి, వాటి లైనింగ్ ఊడొస్తుంది. అసలువి సోమవారం వస్తాయి. అప్పటిదాకా బండి ఇక్కడే ఉండనీ" అన్నాడు. కుదరదన్నయ్యా, రేపు ఆయన ఇంటర్వ్యూకి వెళ్లాలి అన్నాను. "అయితే బస్సులో వెళ్లమను. కొండ దారి దిగేటప్పుడు ఇవి పట్టవు. నువ్వు తప్పకుండా చెప్పాలి సుమా" అన్నాడు. ఒకసారి కాదు, గేటు దాకా వచ్చి మళ్లీ చెప్పాడు.

నేను ఇంట్లో చెప్పలేదు.

మర్చిపోయానా? అలా అనేసుకుంటే ఎంత హాయిగా ఉండేదో! మర్చిపోలేదు.

మావారు మీటరు రీడింగులు తీసే మనిషి. పద్దెనిమిదేళ్లు ఎండలో వీధులు తిరిగారు. ఆఫీసులో కూచునే పోస్టు ఒకటి ఖాళీ అయింది, దరఖాస్తు కూడా నేనే నింపి పెట్టాను. ఆయనకేమో నలుగురి ముందు మాట్లాడాలంటే మహా బెరుకు. వెళ్లకుండా ఉండడానికి చిన్న సాకు దొరికితే చాలు. బండి బాగోలేదంటే చాలు, చొక్కా విప్పేసి పడుకుంటారు. తెల్లారి బస్సు ఎక్కమంటే జనం, ఊపిరాడదు అంటారు. ఇంతకు ముందు రెండుసార్లు అలాగే చేశారు.

నెమ్మదిగానే వెళ్తారుగా, ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను. "బండి ఎలా ఉంది?" అని అడిగారు రాత్రి అన్నం దగ్గర. "కొత్తదానిలా ఉంది" అన్నాను.

అదే, ఆ మాటే అన్నాను.

ఆసుపత్రికి వచ్చాడు అన్నయ్య. మావారు చేతికందిన గ్లాసు విసిరేశారు మొహాన. "నమ్మినందుకు నా కాలు తీశావు కదరా" అని అరిచారు. కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది. అతను తుడుచుకోలేదు. నా వంక చూశాడు. ఒక్కసారే. నేను తలగడ సర్దుతున్నాను. ఎంతసేపు సర్దానో ఆ తలగడ!

"తప్పు నాదేరా" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

ఎందుకలా అన్నాడంటే ఏం చెప్పను? ఆ మంచం మీద ఆయనకి నేనొక్కదాన్నే మిగిలానని చూశాడు కాబోలు. నన్ను కూడా తీసేస్తే ఎలా అనుకున్నాడు కాబోలు. ఇప్పుడు ఎరువుల గోడౌన్లో బస్తాలు మోస్తున్నాడు. ఆ మధ్య రోడ్డు మీద ఎదురైతే, నేను తల దించుకునే లోపే తను పక్క సందులోకి తిరిగిపోయాడు. సిగ్గు పడాల్సింది నేను కదా బాబాయ్!

ఇంకేం అడగాలనుకుంటున్నారో నాకు తెలుసు. ఇంటికెళ్లి ఆయనతో నిజం చెప్పెయ్యమంటారు.

ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో. కర్రలు పట్టుకుని లేచే ప్రతిసారీ అతన్ని తిట్టుకుంటూ లేస్తారు ఆయన. ఆ కోపమే ఆయన్ని నిలబెడుతోంది. అది తీసి నా మీద పెడితే? నన్ను తిట్టనీ, కొట్టనీ, పడతాను. కానీ ఆ తర్వాత ఆయన ఎవరి చేతి అన్నం తినాలి?

చూశారా, దీన్ని కూడా ఆయన కోసమే అన్నట్టు చెప్పుకొస్తున్నాను. ఏమీ లేదు బాబాయ్. భయం. నిజం తెలిశాక ఆయన నా మొహంలోకి చూస్తారే, అది భయం.

నేనింక కూచోను. మీరు చేసుకోండి. ఇంతసేపూ నమ్మకమైనవాడి కోసం వెతుకుతున్నానని ఎగిరిపడ్డాను చూశారూ, అలాంటివాడు నాకొకడు ఉండేవాడు. అతని చేత బస్తాలు మోయిస్తున్నాను.

ఒక్కటే మాట. రేపు మా మరిది వస్తాడు బండికి. ఏది మార్చారో, ఏది మార్చలేదో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో, అన్నీ వాణ్ణి ఎదురుగా నిలబెట్టి వాడితోనే చెప్పండి. నాతో మాత్రం ఏదీ చెప్పి పంపకండి.