తడిక కింద మారిన బిడ్డలు

గురవమ్మని ఒకామె ఉండేదంట. గొర్రెలోళ్ళ పల్లెలో ఆమెను మించిన చెయ్యి లేదనుకో. గొర్రె కడుపులో పిల్ల అడ్డం తిరిగిందంటే ఏ ఇంటోళ్ళైనా గురవమ్మ కోసమే పరిగెత్తాల. చేతికి ఆముదం పూసుకోని, గొర్రెతో ఏందేందో మాట్లాడతా, పిల్లను సరిచేసి బయటికి లాగేది. పడ్డ పిల్లను గడ్డితో రుద్ది, ముక్కులో ఊది, తల్లికి గోరెచ్చని కుడితి పెట్టి, పిల్లకు ముర్రుపాలు పట్టించి గాని ఆడనించి లేసేది కాదంట. అట్టాంటి మనిషి. అయితే ఏమైందంటే, ఆమె తెలివంతా దొడ్లోనే ఉండిపొయ్యేది. ఇంట్లోకి రాంగానే కాళ్ళు కడుక్కున్నట్టు దాన్ని గూడా కడుక్కోని వచ్చేదేమో. నవ్వుతారేంది? మన ఇళ్ళల్లో లేరా అట్టాంటోళ్ళు?

ఆమెకు ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు బాలంకి, చిన్నకోడలు కాటమ్మ. బాలంకికి అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు, మూడో కాన్పు. కాటమ్మకు తొలిచూలు. తొలిచూలుకు పుట్టింటికి పోవాల గదా అంటారు, ఆ పిల్లకు తల్లి లేదు, పోతే చేసేవాళ్ళెవురు? అందుకని ఈడనే ఉండిపొయ్యింది. మొగోళ్ళిద్దరూ మందను తోలుకోని అడివికి పొయ్యుండారు, వానలు పడితే గాని రారు. సోమారం బాలంకి కనింది, మళ్ళీ ఆడపిల్లే. బేస్తవారం కాటమ్మ కనింది, మొగపిల్లోడు. ఒకే ఇల్లు, ఇద్దరు బాలింతలు. గురవమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలా. పని ఎక్కువై కాదమ్మా, పనికి ఆమె ఎప్పుడూ జంకలా. ఒక బాలింత ముఖం ఇంకో బాలింత చూస్తే, చూసినామె చూపుకు రెండో ఆమె పాలు ఇగిరిపోతాయని పెద్దలమాట గదా. అందుకని దొడ్లో గొర్రెపిల్లలకు అడ్డం పెట్టే తడిక ఒకటి మోసుకొచ్చి ఇంటి మధ్యన నిలబెట్టి తాళ్ళతో కట్టింది. "ఇరవైయొక్క రోజులు. ఒకరి మొగం ఒకరు చూశారా, మీ ఇద్దరి కాళ్ళూ ఇరగ్గొడతా" అనింది. చూసుకోవాలని వాళ్ళకు మాత్రం యాడుంది? అప్పటికి నాలుగు నెలల నించి ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకంటే, కాటమ్మ గెలికిన సంగటిలో ఉండలున్నాయని బాలంకి అనిందంట. అంతే. ఇంకేం లేదు.

ఇంక పత్యం సంగతి చెప్తా ఇనండి. పూటకు గుప్పెడు పాతబియ్యం అన్నం, ఎల్లుల్లి కారం. నీళ్ళు రోజుకు ఒక్క చెంబు, అదీ కాచి చల్లార్చి, గొంతు తడవడానికే. ఎక్కువ తాగితే ఒళ్ళు నీరుపడతాదంట. కాటమ్మకు మొదట మూడు రోజులు వచ్చిన పాలు మంచివి కావని పిండించి పారబోయించింది, పిల్లోడికి చక్కెరనీళ్ళు నాకించింది. నాలుగో రోజు ఇప్పుడిమ్మంటే ఆ పిల్ల రొమ్ములో ఏముంది? పిల్లోడు పడతాడు, లాగతాడు, రావు, ఏడుస్తాడు. ఐదో రోజుకు ఏడుపు గూడా సన్నబడింది. పిల్లోడి మాడు గుంటపడింది, నోరు ఎండింది, కళ్ళల్లో నీళ్ళు లేవు. గురవమ్మ చూసి, ఎవురి కన్నో పడిందని ఎర్రనీళ్ళు దిగదుడిచింది, మెళ్ళో తాయెత్తు కట్టింది, గంగమ్మకు పొట్టేలు మొక్కుకుంది. ఆ మూలన కాటమ్మ పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకోని గోడకేసి చూస్తా కూచుంది. ఆ పిల్లకు పదిహేడేండ్లు.

మజ్జానం గురవమ్మ దొడ్లోకి పోతే పొద్దు వాలేదాకా రాదు. ఆరో రోజు మజ్జానం, తడిక అవతలి నించి బాలంకి అడిగింది, "ఏమే, పిల్లోడు ఏడవడేంది?" మళ్ళీ ఆమే, "నిన్నేనే. ఉండలు కట్టిన సంగటి మింగినట్టు గొంతు పూడుకుపొయ్యిందా?" అప్పుడు కాటమ్మకు కోపమొచ్చి నోరు లేసింది. "ఏడవడానికి వాడికి సత్తువ యాడుందక్కా, నాకు పాలు లేవు" అని ఏడ్చేసిందంట. బాలంకి, "నీళ్ళు తాగుతున్నావా?" అనింది. "అత్త ఇచ్చిన చెంబే." "ఒక్క చెంబా? పిచ్చిమొగమా! నా పక్కనే గదా కడవుండేది. ఆమె అట్టా దొడ్లోకి పోతానే నేను రెండు చెంబులు ఎత్తిపోసుకుంటా. ముగ్గుర్ని కన్నానే, ఒళ్ళు నీరుపడి నేనేమన్నా చెరువునయ్యానా?" తడిక కింద జానెడు సందుంది. ఆ సందులోంచి చెంబు జరిపింది. కాటమ్మ గడగడా తాగి ఖాళీ చెంబు వెనక్కి తోసింది. ఇంకోటొచ్చింది. తాగింది. చెంబు తర్వాత, అత్త తినంగా మిగిలిన సంగటి ముద్ద ఒకటొచ్చింది. "నేను చేసింది కాదులే, అత్త చేసిందే, తిను" అనింది బాలంకి.

తిన్నాక, "పిల్లోణ్ణి ఇట్టా జరుపు" అనింది. కాటమ్మ జంకింది. "చూడగూడదు గదక్కా." "చూడగూడదన్నారు, మనం చూసుకోడంలా గదా. నీ మొగంలో ఏముందని నేను చూడాల?" అని కసిరింది. పిల్లోణ్ణి చాటలో పొణుకోబెట్టి సందులోంచి జరిపింది తల్లి. వాడికి రొమ్ము పట్టే సత్తువ గూడా లేదంట. బాలంకి పాలు గిన్నెలోకి పిండి, తల్లి చచ్చిన గొర్రెపిల్లకు పట్టినట్టు గుడ్డపీలిక ముంచి చుక్కచుక్కా నోట్లో ఇడిసింది. మనోళ్ళకు ఇంకో అలవాటుంది చూడండి, పరాయిపిల్లను గొర్రె దగ్గరికి రానీకపోతే, దాని సొంతపిల్ల వాసన తగలాలని ఆ పిల్ల తోలో, పడుకున్న గోనో తెచ్చి కప్పుతాం. బాలంకికి అదే గుర్తొచ్చి, తన బిడ్డకు చుట్టిన చీరపాత తీసి పిల్లోడికి చుట్టింది. "నా ఒళ్ళు గొర్రె ఒళ్ళు లాంటిదేనేమో, పాలు దిగాలంటే వాసన తెలియాల" అనిందంట. పిల్లోడి పంచెపాత ఏమో తన బిడ్డకు చుట్టింది. బాలంకి బిడ్డ ఊరికే ఉండే రకం కాదు, కెవ్వున అందుకుంది. అప్పుడు కాటమ్మ, "అక్కా, పాపను నాకియ్యి. నువ్వు కాసేపు నడుం వాల్చు" అనింది. ఆ మాటకు తడిక అవతల బాలంకి ఏడ్చేసింది. అంత నోరున్న మనిషి! "కన్ననాటి నించి నన్ను నిద్రపొమ్మన్నోళ్ళు లేరే" అనింది. "మూడోది గూడా ఆడదేనంటనే అని అడిగిపొయ్యినోళ్ళే గాని, నీకెట్టుందే అని ఒక్కరూ అడగలా."

అట్టా మొదలైంది. గురవమ్మ దొడ్లోకి పోతే చాలు, కడవలో నీళ్ళు ఇటు, పిల్లోడు అటు, పాప ఇటు. ఆ పాపుందే, మొండిది. కాటమ్మ ఒళ్ళోకి రావడం రావడమే ఎండిపోయిన రొమ్మును అందుకునేది. రాకపోతే ఏడవాల గదా? ఏడవదు, ఇడవదు! జలగ పట్టినట్టు లాగతా ఉండేది. "అక్కా, నీ బిడ్డ నా పేగులు పీకుతాంది" అంటే, "పీకనీ, బాయి పూడిక తీసేవాళ్ళు కావాల గదా నీకు" అనేది బాలంకి. ఒకరి మొగం ఒకరు చూడకుండానే రోజంతా మాటలు. కుట్లు పడినట్టు లాగుతుందంటే ఎట్టా కూచోవాలో చెప్పేది బాలంకి. బొడ్డు ఊడలేదని భయపడితే, దానంతటది ఊడతాది, కెలకమాకు అనేది. కాటమ్మ పాటలు పాడేది, బాలంకి నిద్రపొయ్యేది. మూడో రోజుకు కాటమ్మ రైక తడిసింది! పిల్లోడు బాలంకి రొమ్ము పట్టి గుటకేశాడు. గురవమ్మ పిల్లోడి బుగ్గలు చూసి, "గంగమ్మతల్లీ, నా మొక్కు ఫలించింది" అని ఊరంతా చెప్పుకుంది. తడిక అవతలొకరు, ఇవతలొకరు, మూతికి గుడ్డలు అడ్డం పెట్టుకోని నవ్వు ఆపుకున్నారు.

పదో రోజు ఏమైందంటే, మజ్జానం మబ్బు పట్టింది. ఇద్దరూ కడుపునిండా తిని, పిల్లలకు పాలిచ్చి, మార్చుకున్న పిల్లల్ని మళ్ళీ మార్చుకోకుండానే నిద్రపొయ్యారు. వానొస్తాదని గురవమ్మ దొడ్లోంచి ముందే వచ్చింది. వాన రాకముందే మనవడికి నీళ్ళు పోద్దామని, కాటమ్మ పక్కనున్న పంచెపాత మూటను ఎత్తుకోని పెరట్లోకి పొయ్యింది. కాళ్ళు చాపుకోని, కాళ్ళమీద పొణుకోబెట్టి, గుడ్డ ఇప్పింది. ఇప్పి చూస్తే ఏముంది? చూసింది. మళ్ళీ చూసింది. చేత్తో తడిమింది. "ఓయమ్మో! మొగపిల్లోడు ఆడపిల్లయ్యాడే! మొక్కు తీర్చేది ఆలీసమైందని గంగమ్మ మార్చేసిందే!" అని పెట్టిన కేకకు ఈదంతా అదిరింది. ఆపండే నవ్వు, ఆమె స్థానంలో మీరుంటే తెలిసేది. కాటమ్మ లేసి గోడ పట్టుకోని వచ్చింది. బాలంకి పిల్లోణ్ణి చంకనేసుకోని బయటికొచ్చింది. పెరట్లో, ఆ గోలలో, తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురు నిలబడిపొయ్యారు.

గురవమ్మకు ఇంక ఏం మారిందో ఎట్టా మారిందో అడిగే తెలివి లేదు. ఒకరినొకరు చూసేసుకున్నారు, అదే కనపడింది. "చంపేశారే నా మనవణ్ణి" అని నెత్తి కొట్టుకుంది. బాలంకి గట్టిగా, "అత్తా, వాణ్ణి చంపింది మేం కాదు, బతికించుకున్నాం" అని జరిగిందంతా చెప్పేసింది. చెంబులతో సహా చెప్పింది. "ఐదు రోజులుగా నీ మనవడు నా పాలు తాగుతున్నాడు. నీ మనవరాలు దీని దగ్గర తాగుతా ఉంది. ఇగిరిపోవాలంటే ఎప్పుడో ఇగిరిపోవాల. ఇదిగో చూడు" అని కాటమ్మ రైక చూపించింది. కాటమ్మకు అత్త ముందు ఎప్పుడూ నోరు లేసేది కాదు, ఆ పొద్దు లేసింది. "నాకు పాలు రప్పించింది ఈ ఆడపిల్లే అత్తా. ఈనిన గొర్రెను నువ్వెప్పుడైనా నీళ్ళు లేకుండా కట్టేశావా? ముర్రుపాలు పిల్లకు దక్కకుండా పారబోశావా? మేం గొర్రెలకన్నా తీసిపొయ్యామా?" అనిందంట.

గురవమ్మ తిట్టలా. ఆడపిల్లను కాళ్ళమీద పెట్టుకునే ఉంది, నీళ్ళు పోసే చెంబు చేతిలోనే ఉంది. మెల్లగా, "నాకు గూడా ఒక్క చెంబే ఇచ్చేది మా అత్త" అనింది. కోడళ్ళకు అర్థం కాలా. అప్పుడు చెప్పిందంట, వాళ్ళెప్పుడూ ఇనని మాట. ఆమె తొలిచూలు బిడ్డ వీళ్ళ మొగుళ్ళల్లో ఎవురూ కాదంట. వాళ్ళకు ముందు ఒకడున్నాడు. ఆరో రోజు ఎదురింటి ఓబులమ్మ, ఆమె గూడా పచ్చిబాలింతే, వచ్చి గడపలో నిలబడింది. గురవమ్మ అత్త ఆమె మొగం మీదే తలుపేసింది. ఎనిమిదో రోజుకు పాలు లేవు, పన్నెండో రోజుకు బిడ్డ లేడు. ఓబులమ్మ చూపే తినేసిందని అందరూ అన్నారు, ఈమె నమ్మింది. ముప్పై ఏండ్లు ఎదురెదురు ఇళ్ళల్లో ఉండి, ఒకరి పొయ్యిపొగ ఒకరి కళ్ళల్లో పడుతున్నా పలకరించుకోలా. చెప్పడం అయిపోయినాక గురవమ్మ పాపకు నీళ్ళు పోసింది, సాంబ్రాణి పట్టింది, పిల్లోడికీ పోసింది. ఇద్దర్నీ ఎవురి తల్లికి వాళ్ళను ఇచ్చి, చెంగు దులుపుకోని, వాన తుంపర్లోనే ఈది దాటి ఎదురింటికి పొయ్యింది.

ఓబులమ్మ అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తా ఉందంట. గురవమ్మ పొయ్యి ముందర నిలబడింది. క్షమించమని అడిగే అలవాటు మనోళ్ళకు యాడుంది? "ఆ పొద్దు మా గడపలోకి ఎందుకొచ్చావు?" అని, తగువుకు పొయ్యినట్టే అడిగింది. ముప్పై ఏండ్ల తర్వాత మొదటి మాట అది. ఓబులమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగిపొయ్యింది. "నీ బిడ్డ ఏడుపు నా గోడలోంచి ఇనపడేది. నాకు పాలు పొంగి రైక తడిసిపొయ్యేది. ఒక పూట వాడికిద్దామని వచ్చా" అనింది. గురవమ్మ అరుగు అంచు పట్టుకుంది. "ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలా?" "ఎవురికి చెప్పాల, తలుపుకా?" అని ఓబులమ్మ చాట పక్కకు జరిపి చోటిచ్చింది. "తడుస్తున్నావు, ఇట్టా కూచో."

కూచుంది. ఏడ్చిందా అని అడగమాకండి, ఆ పొద్దు వాన బాగా పట్టింది, ఈదిలో చూసేవాళ్ళు ఎవురూ లేరు. ఇద్దరూ కలిసి చాటలో కాయలన్నీ ఒలిచారని మటుకు చెప్పుకుంటారు. గురవమ్మ ఆ తర్వాత పూర్తిగా మారిపోయిందా అంటే, అదేం లేదు. బాలింతలిద్దర్నీ పక్కపక్కనే కూచోబెట్టి అన్నం పెట్టేదంట గాని, "ఏమైనా ఇద్దరూ ఒకేసారి చూసుకోమాకండే, ముందు పెద్దది చూడాల, తర్వాత చిన్నది చూడాల" అనేదంట. మనిషి అంతేనమ్మా. ముప్పై ఏండ్లు మోసిన బండను దించమంటే దించుతాది గాని, వీపు ఊరికే నిటారు కాదు గదా.