మంచుని పిలిచిన దానమ్మ

మైలపల్లి దానమ్మని ఉండీదంట, సేపలట్టే మా పల్లెకారుల మనిసే. మొగుడు కొర్లయ్య. అప్పుడు పెద్ద యుద్ధం. జపానోళ్ళు బాంబులేసి ఎలిపోనారని మీ పుస్తకాల్లో ఉంటాది గానీ, ఈ కతలో అలగ కాదు, ఓడలు దిగి ఒడ్డంతా పట్టీసుకున్నారనుకో. దొరలందరూ రైలెక్కీసి పోనారంట. మాం ఎక్కడికి పోతాం? ఉండిపోనాం.

ఏమైందంటే, ఒకరోజు సిపాయిలొచ్చి నలభై మంది మొగోళ్ళని తోలుకుపోయి ఒడ్డునే ముళ్ళకంచెలో పెట్టీసినారు. మర్నాడు ఓడలెక్కించి ఎక్కడికో దేశం కాని దేశం చాకిరీకి పంపించీస్తారంట. అందులో కొర్లయ్యా ఉన్నాడు. ఆడోళ్ళందరూ ఇసకలో కూకుని ఏడుస్తన్నారు. దానమ్మ ఏడవలేదు. తిన్నగా అత్త కాడికెల్లి, మంచుని పిలిసే మంత్రం నాకియ్యి అనడిగిందంట. ముసిల్దానికి ఆ మంత్రం తెలుసు గానీ ఎప్పుడూ సదవలేదు. సదివినోళ్ళు ఎటెల్తే మంచు అటే వొస్తాది, కానీ ఆళ్ళ కళ్ళు పట్టుకుపోద్ది, మరి తిరిగివ్వదు. పోనీ నానే సదువుతాను, నాకింక కళ్ళెందుకు అందంట అత్త. దానమ్మ ఒప్పుకోలేదు.

'నీ కాళ్ళు ఇసకలో నడవలేవత్తా. కళ్ళు లేకండా కంచె దాకా ఎల్లాల. నానెల్తాను,' అంది.

ఆ పొద్దంతా ఏటి సేసిందనుకున్నారు? కళ్ళకి గుడ్డ కట్టీసుకుని ఇంటి కాణ్ణుంచి కంచె దాకా నడిసింది, మళ్ళీ వొచ్చింది, మళ్ళీ ఎల్లింది. సిపాయిలు పిచ్చిదనుకుని నవ్వీరంట. నవ్వనీ. ఎక్కడ ఇసక మెత్తన, ఎక్కడ గుల్లలు గుచ్చుకుంటాయో పాదాలకి నేర్పీసింది.

మర్నాడు మిట్టమజ్జానం, ఎండ పేలిపోతంది, సంద్రం మీంచి మంచు లేసింది. తెల్లగా, గోడలాగ. సిపాయిలు ఒకళ్ళకొకళ్ళు కనిపించక ఉత్తినే తుపాకులు పేలుస్తన్నారు. దానమ్మ నడుంకి వలతాడు కట్టుకుని, మంత్రం గొణుక్కుంటా నడిసింది. కంచె కింద ఇసక సేతుల్తో తవ్వీసి తాడు లోపలికి తోసింది. నలభై మందీ తాడట్టుకుని పాక్కుంటా వొచ్చినారు. ఒకడికి తూటా బుజంలో దిగిపోయింది, తాడు కొరుక్కున్నాడు గానీ అరవలేదంట. ముందు కొర్లయ్య. మొకంలో మొకం పెట్టి సూసినాడు, పెళ్ళాం కళ్ళు తెల్లగా ఐపోయున్నాయి. తాడొగ్గీసి ఆవిడ కళ్ళు తడిమేడు.

'తర్వాత ఏడుద్దువు గానీ మావా. తాడొగ్గకు. నడు,' అందంట.

అందరూ పేట ఎనకాల కొండెక్కీసే దాకా మంత్రం ఆపలేదు. ఆ సాయంత్రం ఓడలు ఖాళీగానే ఎలిపోనాయి.

యుద్ధం అయిపోయి జపానోళ్ళు ఎలిపోనాక అందరూ కొండ దిగొచ్చినారు. దానమ్మ ఆ పైన ఇరవయ్యేళ్ళు బతికింది. కొర్లయ్య సేపల పులుసు ఒండడం నేర్సుకుని ఇరవయ్యేళ్ళూ ఆడే ఒండేడు. ఉప్పెక్కువైందని ఆవిడ రోజూ అనీదంట, ఆడు రోజూ తలూపీవోడంట. మా పేటలో మొగోడు పొయ్యి కాడ కూకోడం అదే మొదలు. జపానోళ్ళు దిగడం కన్నా అదే పెద్ద వింతని మా మామ్మ అనీది.