వేలం షెడ్డు డోళ్ళు

జపాన్ పడమటి తీరంలో ఒక చిన్న రేవు. మూతబడిన చేపల వేలం షెడ్డులో కినుయె బృందం తైకో డోళ్ళ సాధన చేస్తోంది. తెల్లవారితే గుడి పండుగ. ఆమె అన్న ఇసాబురో గుమ్మంలో నిలబడ్డాడు.

"కాసేపు ఆపమనవే కినుయే, చెవులు పోతున్నాయి!"

"వాళ్ళు ఆపరు. ఇటు తలుపు పక్కకి రా అన్నయ్యా. ఆఁ, ఇప్పుడు చెప్పు."

"గుడి డోలు సంఘం వాళ్ళు పంపారు."

"ఆ సంఘానికి పెద్దవి నువ్వే కదా. నిన్ను నువ్వే పంపుకున్నావా?"

"వెటకారం చాలు. రేపు ఊరేగింపు దారిలోకి మీ డోళ్ళు రాకూడదట."

"వస్తాయి."

"ఎంత తేలిగ్గా అనేశావే! మొదట్లో మీరు ముగ్గురే. నువ్వు, సెలూన్ ఆవిడ, బడి వంటావిడ. పాత లారీ టైర్లని చీపురు కర్రలతో బాదుకుంటుంటే, పోనీలే, పొద్దుపోక అనుకున్నాం."

"అనుకోలేదు, నవ్వారు. 'టైర్ల తల్లులు' అని పేరు పెట్టింది నువ్వే."

"అది... ఏదో సరదాకి."

"మిసో కొట్టు మూసేస్తే, సోయా ముద్ద ఊరేసే ఆ పీపాలు దొర్లించుకొచ్చి, తోలు మేమే బిగించాం. గోళ్ళు ఊడాయి. మొదటి డోలు మోగాక నవ్వులు ఆగాయి. పీతల ఫ్యాక్టరీలో చేసే ఫిలిప్పీన్స్ కోడళ్ళు వచ్చారు. పోస్ట్‌మాన్ వచ్చాడు. ఆఖరికి మీ సంఘం కుర్రాళ్ళు కూడా..."

"అదిగో! అదే నేననేది. మావాళ్ళని లాక్కున్నారు."

"ఎవరినీ లాగలేదు. మీరు తిట్టి నేర్పారు, మేం అన్నం పెట్టి నేర్పాం."

"నాన్న ఉంటే ఒప్పుకునేవాడా? ఆడది డోలు ముట్టుకుంటే సముద్రానికి కోపమొస్తుందని..."

"మా ఆయన పడవ తిరిగిరాని రోజు ఏ ఆడది ముట్టుకుందట?"

"ఇప్పుడా మాటెందుకే."

"నువ్వే తెచ్చావు. చెప్పు, ఎవరు ముట్టుకున్నారు?"

"నేను రేపటి మాట చెప్పడానికొచ్చాను."

"సరే, పోనీ. రేపు గుడి డోలు వాయించేదెవరు?"

"వాయిస్తారు."

"ఎవరు?"

"ఏర్పాటు చేశాం అన్నానుగా."

"అనలేదు. నీ కుడి భుజం లేవదు. నీకు జోడీగా వాయించేవాడు మంచం మీదున్నాడు. కుర్రాళ్ళు నా దగ్గరున్నారు. ఎవరన్నయ్యా?"

"క్యాసెట్టు."

"ఏంటీ?"

"నాన్న వాయించింది, పాతది. పొద్దున మీటింగులో తేల్చేశారు. గుడి మెట్ల మీద స్పీకర్లు కూడా కట్టేశారు."

"అంటే, చచ్చిపోయిన నాన్న స్పీకర్లో వాయించాలి, బతికున్న కూతురు చేతులు కట్టుకుని వినాలి. అంతేనా?"

"అరవకు. లోపల అందరూ వింటున్నారు."

"విననీ! నన్ను గుడి గడప బయట నిలబెట్టి నీకొక్కడికే నేర్పాడు నాన్న. గోడకి చెవి పెట్టి నేర్చుకున్నా. ఇక గోడవతల నిలబడేది లేదు. దారికడ్డంగా మీవాళ్ళంతా పడుకున్నా సరే, పక్కనుంచి తిరిగైనా వస్తాం. పోలీసుల్ని పిలిస్తే వాళ్ళ ముందే వాయిస్తాం."

"నీకు చెప్పి రమ్మన్నారు. చెప్పాను. విన్నావుగా?"

"విన్నాను. ఆగేది లేదందని పోయి చెప్పు వాళ్ళకి."

"వేరేవాణ్ని పంపు. ఆ స్పీకర్లు కట్టడం చూసి ఈ కబురొక్కటీ చేరవేస్తానని చెప్పి, సంఘం పెద్దరికం వాళ్ళ మొహానే కొట్టి వచ్చా. ఎడమ చెయ్యి బాగానే లేస్తుంది కినుయే... రేపు నన్ను ఏ వరసలో నిలబెడతావు?"