రేవు బోర్డు మీద నేను రాసిన మాట

నా పదవీ విరమణ సభను నడిపిస్తున్న మన పాత హెడ్మాస్టరుగారికి, పెద్దలకు, ముప్పై నాలుగేళ్లు నా చాదస్తాన్ని భరించిన ఆఫీసు మిత్రులకు, మా ఆవిడకు నమస్కారాలు. ఆవిడను చివర చెప్పినందుకు ఇంటికెళ్లాక నా పని పడుతుంది. (నవ్వులు)

ఇందాక వక్తలందరూ ఈ ఊరి చరిత్ర నా నాలుక చివర ఉందన్నారు. వింటుంటే నాకు ముచ్చెమటలు పోశాయి. రికార్డు రూములో చేరిన రెండో ఏడు, ఊరికి ఈ పేరెలా వచ్చిందో రాసి రేవులో బోర్డు పెట్టమని పైనుంచి ఉత్తరం వస్తే, పాత రిజిస్టర్లన్నీ తిరగేశాను. మొదటిదాంట్లో మొదటి పేజీలే వరదకు తడిసి అట్టలా అతుక్కుపోయాయి. గడువేమో ఆ సాయంత్రమే. ఏటి ఒడ్డున మొదట గుడిసె వేసుకున్న పడవవాడి పేరే ఊరికి వచ్చిందని నేనే నాలుగు వాక్యాలు అల్లి పంపేశాను. పీడా వదిలిందనుకున్నాను.

వదల్లేదు. పోయిన నెల హెడ్మాస్టరుగారే, "ఆ కథ మా నాయనమ్మ చెప్పేదయ్యా" అన్నారు. అన్నారు కదా సార్? (ఆయన తలూపారు) ఆవిడ పోయి యాభై ఏళ్లు, బోర్డు పెట్టి ముప్పై రెండు. సారు బోర్డు చదివి నాయనమ్మ చెప్పిందనుకుంటున్నారా, లేక నేనే చిన్నప్పుడు మా అమ్మ దగ్గర విన్నది మరిచిపోయి నా కల్పన అనుకుంటున్నానా? ఎంత ఆలోచించినా తల తిరుగుతోంది తప్ప ఏమీ తేలడం లేదు.

రేపు ఆ పాత బోర్డు తీసేసి, ఆ మాటల్నే రాతి మీద చెక్కబోతున్నారు. అందుకే "దీనికి రికార్డులో ఆధారం లేదు" అని కాగితం రాసి సంతకం పెట్టి తెచ్చాను. అయితే వంతెన వచ్చేదాకా రేవులో పడవ నడిపిన అక్క, అదిగో, ముందు వరసలో ఉంది, ఆ పడవవాడు తన ముత్తాతేనని నమ్ముకుంది. పొద్దున వెళ్లి ఆవిడకు విషయం చెప్పాను. "నిజమేదో నాకేం తెలుసు తమ్ముడూ. ఆ బోర్డు పడకముందు మమ్మల్ని ఏ సభలోనూ కూర్చోమన్నవాళ్లు లేరు" అంది.

తప్పు చేశానని చెప్పగలను, ఒప్పేదో చెప్పలేను. సిగ్గుగా ఉంది. కాగితం నీకే ఇస్తున్నాను అక్కా, చించేసినా నేనేమీ అనుకోను.

(ఆవిడ లేచి, కాగితం తీసుకుని, హెడ్మాస్టరుగారి ముందు పెట్టి, "చదవండి సార్, వెనకవాళ్లకీ వినబడేట్టు" అన్నది.)

ఇక నేను మాట్లాడలేను. అందరికీ కృతజ్ఞతలు. అక్కా, కూర్చో. నీ కుర్చీ ఎక్కడికీ పోదు. నాకు సెలవిప్పించండి.